పిల్లి తిరిగే ఇంట్లో నమూనా విమానాలు

ప్రశ్న: ప్లాస్టిక్ కిట్లతో నమూనా విమానాలు తయారు చేయడం నా అభిరుచి. ప్రస్తుతం 1/48 స్కేలులో (అసలు దానిలో 48వ వంతు పరిమాణంలో) మొదటి ప్రపంచ యుద్ధం నాటి సాప్‌విత్ కేమెల్ యుద్ధవిమానం మొదలుపెట్టాను. ఇంట్లో ఒక పిల్లి, పంజరంలో రెండు చిలుకలు ఉన్నాయి. ఎంత తుడిచినా తడి రంగు మీద పిల్లి వెంట్రుకలు అంటుకుంటున్నాయి. దీనికి ఉపాయం ఏమిటి? జిగురు, రంగుల వల్ల వాటికి హాని ఉంటుందా?

జవాబు: మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి. వెంట్రుక పడిన రెక్కకు మళ్లీ రంగు వేసుకోవచ్చు గాని, జబ్బుపడిన మూగజీవి సంగతి అలా కాదు.

చిలుకలు ఉన్న గదిలో రంగు పిచికారీ చేయకండి. పక్షుల శ్వాస వ్యవస్థ మనకంటే సమర్థంగా గాలిని పీల్చుకుంటుంది కనుక, అందులో కలిసిన విషాన్నీ అంతే త్వరగా పీల్చుకుంటుంది. ఎనామిల్, లాకర్ రంగులు, థిన్నర్లు, ప్లాస్టిక్ జిగురు ఆవిర్లు వాటికి ప్రమాదకరం. నీటితో కలిపే ఆక్రిలిక్ రంగుకు వాసన తక్కువే అయినా, ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) నుంచి వచ్చే సన్నని తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. తలుపు మూసి, గాలిని బయటికి పంపే ఫ్యాను పెట్టుకున్న వేరే గదిలోనే ఆ పని చేయండి. పిల్లి ఒంటికి ఏది అంటినా నాకి మింగుతుంది. నారింజ వాసన వచ్చే జిగురుల్లోని లిమొనీన్ అనే రసాయనం పిల్లులకు హానికరం; వాసన హాయిగా ఉన్నంత మాత్రాన సీసా మూత తెరిచి ఉంచకండి. బొచ్చుకు రంగు అంటితే థిన్నర్‌తో తుడవడం ఇంకా ప్రమాదం. తడిగా ఉంటే సబ్బు నీళ్లతో కడగాలి, ఎండిపోతే ఆ వెంట్రుకలను కత్తిరించాలి.

మీరు ఎంచుకున్న విమానం విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దారం. కేమెల్ రెండంతస్తుల రెక్కల మధ్య బిగించే తీగల కోసం మీరు వాడే సన్నని సాగే దారం, నేల మీద కదలాడితే పిల్లికి ఆటవస్తువే. మింగిన దారం ఒక చివర ఎక్కడైనా చిక్కుకుంటే, పేగు దాని మీదికి ముడతలు ముడతలుగా కుచించుకుపోయి, చివరికి కోసుకుపోతుంది. అందుకే నోటి నుంచి గాని, మలద్వారం నుంచి గాని దారం వేలాడుతూ కనిపిస్తే లాగకుండా, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. కత్తిరించిన ప్రతి తునకనూ అప్పటికప్పుడే మూత ఉన్న డబ్బాలో వేయడం అలవాటు చేసుకోండి. ముందుముందు పి-38 వంటి ముక్కు చక్రం ఉన్న విమానం చేస్తే, వెనక్కి ఒరగకుండా ముందు భాగంలో పెట్టే బరువుకు సీసపు గుళ్లు కాక ఉక్కు నట్లు వాడండి. సీసం మనుషులకూ పెంపుడు ప్రాణులకూ విషమే.

ఇక వెంట్రుకల విషయం. కిట్ భాగాల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరిన్‌ను పొడి గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి, గాలిలోని వెంట్రుకలను అదే లాక్కుంటుంది. మీరు ఎంత తుడిస్తే అంత అంటుకోవడానికి కారణం ఇదే కావచ్చు. భాగాలను గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, రుద్దకుండా ఆరనివ్వండి. రంగు వేసే ముందు తడి గుడ్డతో ఒకసారి అద్దితే చాలు. ఉన్ని దుస్తులు ధరించకండి. రంగు వేసిన మరుక్షణమే పైన డబ్బా బోర్లించండి. అప్పటికీ ఒకటి పడితే, తడి మీద పీకవద్దు. పూర్తిగా ఆరాక 2000 నంబరు గరుకు కాగితాన్ని తడిపి మెల్లగా రుద్ది, అక్కడ మాత్రమే పలుచగా మరో పూత వేయండి.