పాత కారు రూపంలో గోల్ఫ్ కార్ట్: కొనే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: అమెరికాలో జార్జియా రాష్ట్రం పీచ్‌ట్రీ సిటీలో ఉంటున్నాం. ఇక్కడ ఊరంతా గోల్ఫ్ కార్టుల దారులే. పిల్లల్ని బడికి దింపడానికి, ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్లను తిప్పడానికి ఒకటి కొనాలనుకుంటున్నాం. 1950ల నాటి కారు రూపంలో ఫైబర్‌గ్లాస్ బాడీ కట్టిన ఆరు సీట్ల బండి నచ్చింది. 16,500 డాలర్లు చెబుతున్నారు. కింద 2016 నాటి క్లబ్ కార్ ఛాసిస్, పొడవు పెంచారట. 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు, 2021లో వేశారట. అంత పెట్టొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడున్న బ్యాటరీలతో ఆ ధరకు వద్దు. బండి నచ్చింది కాబట్టి వెంటనే వదులుకోనక్కర్లేదు, కానీ బేరానికి కూర్చునే ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి.

మొదటిది బరువు. దీన్ని కొనేవాళ్లలో చాలామంది అడగనే అడగరు. జార్జియా చట్టం లెక్కలో మీ దారుల మీద తిరిగే కార్ట్ ఖాళీగా 1,375 పౌండ్లకు, అంటే దాదాపు 624 కిలోలకు మించకూడదు. చదునైన నేల మీద దాని వేగం గంటకు 20 మైళ్ల లోపే ఉండాలి. మామూలు రెండు సీట్ల ఎలక్ట్రిక్ కార్టే బ్యాటరీలతో కలిపి సుమారు 900 పౌండ్లు తూగుతుంది. దానికి పొడిగించిన ఫ్రేము, ఇంకో రెండు వరసల సీట్లు, తలుపులు, బంపర్లు, ఫైబర్‌గ్లాస్ బాడీ చేరితే గీత దాటడం కష్టమేం కాదు. అమ్మేవారి నోటిమాట సరిపోదు. బండిని ట్రెయిలర్ మీదకెక్కించి లారీలు తూచే కాటా మీద ఒకసారి, ఖాళీ ట్రెయిలర్‌ను ఇంకోసారి తూయించి స్లిప్పులు ఇమ్మనండి. ఎక్కువ తూగిందంటే మీ ఊళ్లో కార్టుగా నమోదుకు చిక్కొస్తుంది. గంటకు 20 నుంచి 25 మైళ్ల వేగంతో రోడ్డెక్కే లో స్పీడ్ వెహికల్ తరగతిలో పెట్టేద్దామన్నా కుదరదు. దానికి 17 అక్షరాల విన్ నంబరు (తయారీదారు ప్రతి బండికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య), సీటు బెల్టులు, అద్దాలు, సిగ్నల్ లైట్లు వగైరా ఉండాలి. షెడ్డులో కట్టిన బండికి ఆ నంబరు సాధారణంగా ఉండదు.

ఇక బ్యాటరీలు. లెడ్ యాసిడ్ సెట్టు బాగా చూసుకుంటే నాలుగు నుంచి ఆరేళ్లు వస్తుంది. 2021 నాటివంటే ఆయుష్షు చివరికి వచ్చినట్టే. తేదీని కూడా మీరే చూసుకోండి. చాలా కంపెనీలు టెర్మినల్ మీద ఒక అక్షరం, ఒక అంకె కొడతాయి. ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు, అంకె సంవత్సరంలో చివరిది. పూర్తిగా చార్జ్ చేసి 12 గంటలు వదిలేశాక మల్టీమీటరుతో (వోల్టేజీ కొలిచే చిన్న మీటరు) ఒక్కోటీ విడిగా చూడండి. మంచి 8 వోల్టుల బ్యాటరీ 8.4 నుంచి 8.5 దాకా చూపిస్తుంది. ఆరింటిలో ఒకటి మిగతావాటికంటే 0.2 వోల్టులు తగ్గినా అనుమానించాలి. అయితే బండి నిలబడి ఉన్నప్పుడు అన్నీ మంచివే అనిపిస్తాయి. అసలు సంగతి బరువు మీదే తేలుతుంది. ఆరుగురిని ఎక్కించి ఎత్తు ఎక్కిస్తుంటే సెట్టు మొత్తం వోల్టేజీ ఎంత పడుతుందో, దిగగానే ఎంత త్వరగా కోలుకుంటుందో చూడండి. ఎత్తు మధ్యలో బండి ఒక్కసారిగా నీరసపడితే బ్యాటరీయో, మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలరో చాలడం లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే 250 ఆంపియర్ల కంట్రోలరు రెండు సీట్ల బండికి సరిపోతుంది. ఆరుగురిని ఎత్తు ఎక్కించాలంటే 400 ఆంపియర్ల పైన ఉండాలి, దానికి తగ్గ సోలినాయిడ్ (కరెంటును కలిపి విడదీసే పెద్ద స్విచ్), లావు కేబుళ్లు కూడా పడాలి. ఇరవై నిమిషాలు నడిపాక స్విచ్ ఆపి టెర్మినళ్ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మాత్రమే కాలుతుంటే అక్కడ కేబుల్ వదులైందనో, తుప్పు పట్టిందనో అర్థం.

లిథియం సెట్టు వేయిస్తే ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఆరు 8 వోల్టుల బ్యాటరీలు కలిసి 375 పౌండ్ల దాకా ఉంటాయి. 48 వోల్టుల 105 ఆంపియర్ అవర్ లిథియం ప్యాకు సుమారు 100 పౌండ్ల లోపే. పోయిన 275 పౌండ్లే మీ బండిని చట్టం గీత లోపల నిలపవచ్చు. చార్జరు కూడా మార్చాలి, పాతది దీనికి పనికిరాదు.

లైట్లు, పాటలు, హారన్ 12 వోల్టులతో నడుస్తాయి. 48ని 12కి దించే రెడ్యూసర్ ఉండాలి. కొందరు ఆ డబ్బు మిగుల్చుకుందామని ఆరింటిలో రెండు బ్యాటరీల నుంచే తీగలు లాగేస్తారు. ఆ రెండూ ఎప్పుడూ మిగతావాటికంటే ఎక్కువ ఖాళీ అవుతూ, చార్జయ్యేటప్పుడు వెనకబడి, ముందుగా చచ్చి మొత్తం సెట్టును పాడుచేస్తాయి. సీటెత్తి తీగలు ఎక్కడి నుంచి వెళ్తున్నాయో స్వయంగా చూడండి. ఎలాగూ ఎత్తారు కాబట్టి ఆరు బ్యాటరీల్లోనూ డిస్టిల్డ్ వాటర్ పోసి చూపమనండి. పోయాలంటే బాడీ విప్పాల్సి వస్తే ఆ పని ఎవరూ క్రమం తప్పకుండా చేయరు.

క్లబ్ కార్ ఫ్రేము అల్యూమినియం. తుప్పు పట్టదు, కానీ వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న లోహం బలహీనపడుతుంది. పొడిగించిన చోట బోల్టులతో బిగించారా, వెల్డింగ్ చేశారా అడగండి. అల్యూమినియానికి స్టీలు నేరుగా తగిలిన చోట తెల్లటి పొడి పేరుకుంటే అక్కడ లోహం తరిగిపోతోందన్నమాట. వెనక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) మామూలువే వదిలేశారేమో చూడండి, ఆరుగురు కూర్చోగానే చక్రం బాడీకి రాసుకుంటుంది. ప్రామాణిక కార్టులకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ఇంత బరువుకు ముందు కూడా ఉంటేనే దిగువలో ధైర్యం.

బాడీ విషయానికొస్తే, బోల్టు రంధ్రాల చుట్టూ సాలెగూడు లాంటి పగుళ్లుంటే మధ్యలో రబ్బరు బుష్‌లు వేయకుండా ఫ్రేముకు బిగించేశారన్నమాట. పైకి రంగేసినా మళ్లీ పగులుతాయి. తలుపుల కీళ్ల వెనక స్టీలు పట్టీ ఉందా? మెరిసే భాగాలకు అయస్కాంతం అంటుకోకపోతే అది చాలావరకు పూత వేసిన ప్లాస్టిక్కే, ఎండకు పొరలు లేస్తుంది. ముందద్దం వంపు తిరిగింది అయితే ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకోండి.

ధర ఇలా కట్టండి: అదే సంవత్సరం ఛాసిస్ మీద మామూలు ఆరు సీట్ల బండి మీ చుట్టుపక్కల ఎంతకు పోతోందో మూడు చోట్ల అడగండి. అందులోంచి కొత్త బ్యాటరీల ఖర్చు తీసేయండి. లెడ్ యాసిడ్ అయితే వెయ్యి నుంచి పదిహేను వందల డాలర్లు, లిథియం అయితే అంతకంటే ఎక్కువ. మిగిలినదానికీ 16,500కీ ఉన్న తేడా అంతా రూపానికి మీరిస్తున్న డబ్బు. తిరిగి అమ్మితే అది దాదాపు రాదు, కొనేవాళ్లు తక్కువ. ఆ తేడా మనసుకు బరువనిపించకపోతే, కాటా స్లిప్పు 1,375 లోపు చూపిస్తే, తీసుకోండి. పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కే బండి కాబట్టి బ్రేకుల దగ్గర, అతుకుల దగ్గర మాత్రం రాజీ పడకండి. ఇంటి ఇన్సూరెన్స్ గేటు దాటాక వర్తించకపోవచ్చు, కార్టుకు విడిగా తీసుకోండి.

ప్రశ్న: కోకాపేటలో గేటెడ్ కమ్యూనిటీ. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఇలాంటి కార్ట్ కొంటే గేటు దాటి ఎదురుగా ఉన్న గుడికి తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: లోపల తిప్పుకోండి, గేటు దాటించకండి. మన దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా వదిలేసేది పావు కిలోవాట్ లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న తేలికపాటి బ్యాటరీ బండ్లను మాత్రమే. గోల్ఫ్ కార్ట్ మోటారు సాధారణంగా రెండు కిలోవాట్లు, ఆపైనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేని బండితో రోడ్డు మీద ప్రమాదం జరిగితే భారమంతా మీ మీదే పడుతుంది. గుడికి ఆటోయే మేలు.

ప్రశ్న: రాజమహేంద్రవరం దగ్గర ఫంక్షన్ హాల్ నడుపుతున్నాను. పెళ్లికొడుకు, పెళ్లికూతురి ఎంట్రీకి పాత కారులాంటి కార్ట్ అడుగుతున్నారు. కొనడమా, అద్దెకు తేవడమా? – ఒక పాఠకుడు

జవాబు: గత ఏడాది మీ హాల్లో ఎన్ని పెళ్లిళ్లకు దీన్ని అడిగారో, ఒక్కో రోజు అద్దె ఎంతయిందో గుణించండి. బండి ధరతోపాటు నాలుగైదేళ్లకోసారి బ్యాటరీల సెట్టును కూడా ఖర్చులో వేయండి. అద్దె లెక్క నాలుగేళ్లలోపు దాన్ని దాటితేనే కొనండి.

కొంటే మీకు పెద్ద శత్రువు తిప్పడం కాదు, ఖాళీగా ఉంచడం. ఆషాఢం, మూఢం వచ్చాయంటే బండి నెలల తరబడి కదలదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ మన ఎండలకు ఊరికే ఉన్నా చార్జ్ పోగొట్టుకుంటుంది, ఖాళీగా ఉంటే ప్లేట్లు గడ్డకట్టి మళ్లీ పట్టదు. ముహూర్తాలు లేని రోజుల్లో కూడా రెండు మూడు వారాలకోసారి పూర్తిగా చార్జ్ చేసి, నీళ్లు చూడాలి. సగం ఖాళీ అయిన సెట్టు నిండటానికి ఐదారు యూనిట్ల కరెంటు చాలు. ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గు, గాలాడే చోటు కావాలి. చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి వంటశాల పక్కన, మూసిన సామాన్ల గదిలో పెట్టకూడదు.

ఆర్డరిచ్చే ముందు గేటు నుంచి వేదిక దాకా మలుపులు కొలవండి. పొడుగు బండి తిరగడానికి చోటెక్కువ కావాలి. బాడీ పాలియెస్టర్ రెసిన్‌తో చేసింది, అంటుకుంటే ఆగదు. ఎంట్రీలో పెట్టే నిప్పురవ్వల పైరోలను దానికి కనీసం మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉంచమని ఈవెంట్ వాళ్లకు ముందే రాసివ్వండి, బండిలో ఒక అగ్నిమాపక సిలిండరు పెట్టించండి. వీడియో కోసం జంటను సీటు మీద నిలబడమంటే ఒప్పుకోకండి. నిలబడితే ముందు, పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు, డ్రైవరు యాక్సిలరేటరు తొక్కీ తొక్కగానే ఎలక్ట్రిక్ మోటారు ఒక్క ఉదుటున లాగుతుంది. ఆ కుదుపు తగ్గాలంటే కంట్రోలరులో స్టార్టింగ్ పికప్ తగ్గించి ఇమ్మని అమ్మేవారిని అడగండి. ప్రోగ్రామ్ చేసే వీలున్న కంట్రోలరైతే పది నిమిషాల పని.