నర్సింగ్ ఇప్పుడే పూర్తయింది, ఉద్యోగ అనుభవం లేదు. రెజ్యూమెలో ఏం రాయాలి?

అనుభవం లేదని టెన్షన్ పడకండి, చదువులో భాగంగా ఆసుపత్రి వార్డుల్లో చేసిన క్లినికల్ పోస్టింగులే మీ అనుభవం. పేరు, ఫోన్ నంబరు కిందే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ (లైసెన్సు) వివరాలు, బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్, అంటే గుండె లేదా శ్వాస ఆగినప్పుడు ప్రాణం కాపాడే శిక్షణ) సర్టిఫికెట్ గడువు తేదీ పెట్టండి. లైసెన్సు ఇంకా చేతికి రాకపోతే ఏ దశలో ఉందో ఉన్నదున్నట్టు రాయండి.

అసలు బలం పోస్టింగుల వివరాల్లోనే ఉంటుంది. ‘రోగులకు సేవ చేశాను’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘సర్జికల్ వార్డులో సీనియర్ నర్సు పర్యవేక్షణలో షిఫ్టుకు నలుగురు రోగులను చూసుకున్నాను, డ్రెస్సింగులు మార్చాను, ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు రాశాను’ అంటే మీకు ఏ పనిలో చేయి తిరిగిందో అర్థమవుతుంది. పక్కన నిలబడి చూసినవాటిని చేసినవాటిలో కలిపేయకండి, ఇంటర్వ్యూలో ఇట్టే దొరికిపోతారు. రోగుల పేర్లు ఎక్కడా రాకూడదు. ‘కష్టపడే మనస్తత్వం’ లాంటి మాటలు తీసేస్తే ఒక్క పేజీ చాలు. ప్రకటనలో ఐసీయూ అని ఉంటే ఆ పోస్టింగును పైకి తీసుకురండి.