చలికి బయట పెట్టాల్సిన ఆర్కిడ్ వేరు, పెట్టకూడనిది వేరు

"అక్కా, డిసెంబర్‌ల ఆర్కిడ్ కుండీ బాల్కనీల పెట్టిన, వారంల ఆకులు నల్లబడి మెత్తగైనయి. మీ ఇంట్ల చలికాలమంతా బయటనే ఉంటయి గదా, పూలు కూడా పూస్తయి, ఎట్ల?" అని పరకాల నుంచి కాలిఫోర్నియాలోని శాన్ హోసేకి వచ్చి ఇంకా ఏడాది నిండని ఒక చెల్లె అడిగింది. ఇదే సంగతి ఈ మధ్య ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అడిగారు కాబట్టి అందరికీ కలిపి చెప్తున్నా.

నువ్వు సూపర్ మార్కెట్‌లో కొన్నది ఫెలనాప్సిస్. తెల్లగానో గులాబీ రంగులోనో సీతాకోకచిలుకల్లా పూలు వరుసగా వేలాడతాయే, అది. వేడి ప్రాంతం మొక్క, రాత్రి 15 డిగ్రీల కిందికి పోతే దానికి గిట్టదు, ఇంట్లోనే ఉంచాలి. మా పెరట్లో ఉన్నవి సింబీడియంలు. ఆకులు జొన్నాకులా పొడుగ్గా వంగి ఉంటాయి, మొదలు దగ్గర ఉల్లిగడ్డంత బుడిపెలు ఉంటాయి. రెండింటినీ ఆర్కిడ్ అనే అంటారు, పేచీ అంతా అక్కడే. ఈ సింబీడియం హైబ్రిడ్లలో చాలావాటికి మూలాలు హిమాలయాల వైపు ఉన్నాయి. అంటే మన దేశం మొక్కే, మన ఊరి ఎండకు మాత్రం పనికొచ్చేది కాదు.

నేనేదో మొదటినుంచీ తెలిసినదాన్ని అనుకోకండి. శాన్ హోసే దగ్గరున్న ఈ ఫ్రీమాంట్‌కి వచ్చిన కొత్తలో మొదటి సింబీడియంని పెరట్లో మట్టి తవ్వి పెట్టి, హన్మకొండలో మల్లెచెట్టుకు పోసినట్టు పొద్దునా సాయంత్రం నీళ్లు పోశా, వేర్లు కుళ్లి పోయింది. రెండోదాన్ని బుద్ధిగా చెక్కపెచ్చుల్లో పెట్టాను గానీ చలికి పాపం అనిపించి రెండేళ్లు హీటర్ ఉన్న హాల్లో పెట్టి సాకాను. ఆకులు నిగనిగలాడుతూ పెరిగాయి, ఒక్క పువ్వు లేదు. మా బాపు వీడియో కాల్‌లో చూసి "గడ్డి మంచిగ పెరిగింది బిడ్డా" అన్నాడు. మూడో ఏడు చుట్టాలు రావడంతో ఇంట్లో జాగా లేక దాన్ని ఎండాకాలంలోనే బయట పెట్టేశాం, తర్వాత లోపలికి తేవడం మర్చిపోయాం. ఆ జనవరిలో రెండు పూలగెలలు వేసింది.

సంగతేంటంటే దానికి పగటి ఎండకూ రాత్రి చలికీ మధ్య తేడా తెలియాలి. ఇక్కడి ఎండాకాలం చివర్లో రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగుతుంటేనే పూలగెల మొదలవుతుంది. నేను గుర్తుకోసం ఎంగిలిపూల బతుకమ్మ పెట్టుకున్నా. అక్కడ మనవాళ్లు తంగేడు, గునుగు ఏరే రోజుల్లో ఇక్కడ మీ సింబీడియం రాత్రిపూట బయట ఉండాలి, సద్దుల బతుకమ్మ అయిపోయిందని లోపలికి తేవొద్దు. అప్పుడే బుడిపె పక్కనుంచి చిన్న మొలక వస్తుంది. చదునుగా, కొస విచ్చుకుంటూ ఉంటే అది ఆకుల పిలక. గుండ్రంగా, పెన్సిల్ లావున బిగుతుగా ఉంటే పూలగెల. గెల కనపడ్డాక కుండీని అటూ ఇటూ తిప్పొద్దు, గెల వెలుతురు వైపే పెరుగుతుంది, తిప్పితే వంకరపోతుంది. పెరుగుతుంటేనే సన్నపుల్ల గుచ్చి వదులుగా కట్టాలి.

సున్నాకి కాస్త కిందికి, మైనస్ 2 దాకా, ఒక రాత్రి పోయినా మొక్క ఓర్చుకుంటుంది, మొగ్గలు మాత్రం ఓర్చుకోవు. అలాంటి రాత్రి చూరు కిందికి జరిపి పాత నూలు చీర కప్పి పొద్దున్నే తీసేస్తా. ప్లాస్టిక్ వద్దు, ఆకులకు తగిలినచోట మాడుతుంది. ఆకు ముదురాకుపచ్చగా ఉందంటే మురిసిపోకండి, ఎండ చాల్తలేదని అర్థం, కొంచెం పసుపు కలిసిన ఆకుపచ్చ ఉండాలి. పిలకలు విడదీసే కత్తిని మొక్క మొక్కకూ మంటలో కాల్చండి, వైరస్ కత్తితోనే అంటుకుంటుంది. ఇక నత్తలు! రాత్రి టార్చ్ వేసుకుని ఏరాల్సిందే, లేకపోతే మూడు నెలలు కాచుకున్న మొగ్గకు తెల్లారేసరికి బొక్క.

ఫోటోల గురించి అడిగారు. నాది మామూలు ఫోనే. మధ్యాహ్నం ఎండలో తీస్తే ముదురు గులాబీ పువ్వు మొత్తం ఒకే రంగు ముద్దలా పడుతుంది, రేకు మీది సన్నగీతలు పోతాయి. మబ్బు పట్టిన రోజు గానీ, పొద్దున నీడలో గానీ తీయండి. మా ఆయన నల్లప్యాంటు కుర్చీకి వేలాడదీసి, పువ్వుకు మూడడుగులు వెనక పెడతా, నవ్వకండి, దానికంటే మంచి బ్యాక్‌గ్రౌండ్ నాకు దొరకలే. ఫోన్ మరీ దగ్గరికి పెడితే మధ్యలో పెదవి (పెదవిలా ముందుకొచ్చిన రేకు) ఒక్కటే ఉబ్బినట్టు వస్తుంది, అందుకే రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టి, పువ్వు ఎత్తుకు వంగి, ఆ పెదవి మీద చుక్కలున్నచోట వేలితో తాకి, వెలుతురు కొంచెం తగ్గించి తీస్తా. ఫ్లాష్ వద్దు. అందంగా ఉంటుందని నీళ్లు చల్లి తీసే అలవాటు ఉంటే మానేయండి, చలిరాత్రి పువ్వు తడిగా ఉంటే బూజు వచ్చి రేకుల మీద గోధుమరంగు చుక్కలు పడతాయి, తర్వాత ఏ ఫోటోకూ పనికిరావు. మొదటి ఫోటో మాత్రం పేరు రాసిన ట్యాగ్‌తో కలిపి తీసిపెట్టుకోండి, ఎండకు ట్యాగ్ మీద రాత పోతుంది.

న్యూజెర్సీ, షికాగో వాళ్లు సింబీడియంని చలికాలం బయట ఉంచలేరు, గడ్డకట్టకముందే చల్లగా ఉండే గదిలోకి తేవాలి. నేలలోనే పెంచాలనుకుంటే బ్లెటిల్లా అనే నేల ఆర్కిడ్ పెట్టండి, మీద ఎండుటాకులు కప్పితే మైనస్ 10ని కూడా తట్టుకుంటుంది. చలికాలం ఆకులన్నీ రాలి ఏమీ కనపడదు, చచ్చిందని తవ్వి పారేయకండి, వసంతంలో మళ్లీ లేస్తుంది.

వచ్చేటప్పుడు ములుగు వైపు చెట్ల మీది మొక్క ఒకటి సూట్‌కేస్‌లో వేసుకొస్తానని ఒక తమ్ముడు అన్నాడు. వద్దురా నాయనా. ఆర్కిడ్లన్నీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తాయి, పర్మిట్లు లేకుండా తెస్తే ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు, ఆపైన ఫైన్. పైగా అడవిలో ఉన్నదాన్ని అడవిలోనే ఉండనీ.

పరకాల చెల్లె, నీ మొక్కని అప్పుడే పడేయకు. మెత్తబడ్డ ఆకులు కోసేసి, నడిమి చిగురును వేలితో మెల్లగా తాకి చూడు. గట్టిగా ఉంటే కిటికీ దగ్గర పెట్టి, వేర్లు వెండిరంగుకు తిరిగినప్పుడే నీళ్లు పొయ్యి. చిగురు ఊడొస్తే మాత్రం దాని పని అయిపోయినట్టే, ఈసారి మా ఇంటికొచ్చి ఒక సింబీడియం పిలక పట్టుకపో.