60 వేల కిలోమీటర్లు తిరిగిన కారుకి ముందు చక్రాల బ్రేకు డిస్కులు, ప్యాడ్లు రెండూ మార్చాలా? మారిస్తే ఏ కంపెనీవి?

కంపెనీ సంగతి కాసేపు పక్కన పెడదాం. మీరు చెప్పింది ఇదీ: కారు హ్యాచ్‌బ్యాక్, 60 వేల కిలోమీటర్లు తిరిగింది, బ్రేకు వేస్తే సన్నగా కీచుమంటోంది, 80 స్పీడులో బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, సర్వీస్ సెంటర్ వాళ్లు ముందు చక్రాలకి డిస్కులూ ప్యాడ్లూ మొత్తం మార్చాలని ఎస్టిమేట్ రాసిచ్చారు. ఆ కాగితంలో పార్టుల ధర ఉంది, లేబర్ ఉంది, పన్ను ఉంది. ఉండాల్సిన అంకె ఒకటే లేదు, డిస్కు మందం. కొలవకుండా డిస్కు మార్చాలనడం నాడి చూడకుండా మందు రాయడమే.

ప్రతి డిస్కు అంచు మీదో, మధ్యలో టోపీలా లేచిన భాగం మీదో కనీస మందం ఎంతో ఉంటుంది. 'మిన్ టీహెచ్' (MIN TH) అన్న అక్షరాల పక్కన చూడండి. తుప్పులో కలిసిపోతే వైర్ బ్రష్‌తో రుద్దితే బయటపడుతుంది. కొత్తప్పుడు 22 మి.మీ. ఉన్న డిస్కుకి మామూలుగా 20 అని ఉంటుంది. అంటే రెండు వైపులా కలిపి అరగడానికి ఇచ్చిన జాగా రెండే మిల్లీమీటర్లు. కొలవడంలోనే తప్పు జరుగుతుంది. ప్యాడు తగలని చివరి అంచు అరగదు, పొలం గట్టులా లేచి ఉంటుంది. మందం కొలిచే వెర్నియర్‌ని నేరుగా దాని మీద పెడితే గట్టు మందమే చూపిస్తుంది, 19కి దిగిన డిస్కు కూడా 22 అని అబద్ధం చెబుతుంది. గట్టు దాటి లోపలి భాగాన్ని సన్న మొనలతో కొలిచే మైక్రోమీటర్ దొరికితే గొడవే లేదు. లేకపోతే ఒకే రకం రూపాయి బిళ్లలు రెండు తీసుకుని, ప్యాడు రాసుకునే చోట డిస్కుకి అటొకటి ఇటొకటి ఆనించి, వాటి మీంచి కొలిచి, బిళ్లల మందం తీసేయండి.

ప్యాడ్లకైతే వెనక ఇనుప రేకు వదిలేసి, డిస్కుకి రాసుకునే మసాలా మాత్రమే లెక్క. కొత్తవాటికి 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చేయాలి. చక్రం సందుల్లోంచి తొంగిచూసి 'ఇంకా ఉందండీ' అనే మెకానిక్ బయటి ప్యాడునే చూస్తున్నాడు. లోపల, ప్యాడుని నెట్టే పిస్టన్ వైపుది కనబడాలంటే చక్రం ఊడదీయాల్సిందే. మీకు వినిపించే కీచు శబ్దం, ప్యాడు అయిపోవచ్చినప్పుడు డిస్కుని గీరుకోవడానికి పెట్టిన చిన్న రేకుది కావచ్చు. లోపలిది 2 మి.మీ., బయటిది 7 మి.మీ. ఉంటే మాత్రం తప్పు ప్యాడుది కాదు. ప్యాడ్లని పట్టి డిస్కుకి నొక్కే క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోయాయి, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. అది సరిచేయకుండా ప్రపంచంలోకెల్లా ఖరీదైన ప్యాడు వేసినా మళ్లీ అలాగే అరుగుతుంది.

ఇక వణుకు. 'డిస్కు బెండ్ అయింది సార్' అనే మాట మన గ్యారేజీల్లో ఎవరు కనిపెట్టారో గానీ, దాంతో ఎన్ని మంచి డిస్కులు పాత సామాను కొట్టుకి పోయాయో. పోత ఇనుము డిస్కు రోడ్డు మీద తిరుగుతూ అప్పడంలా వంగిపోవడం అరుదు. జరిగేది వేరు. డిస్కూ చక్రమూ బిగించే హబ్ మీద తుప్పు పెచ్చు ఒకటి ఉండిపోయి డిస్కు దాని మీద కూర్చుంటుంది, లేదా ఎయిర్ గన్‌తో చక్రం నట్లు తోచినట్టు బిగిస్తారు. డిస్కు తిరిగేటప్పుడు ఓ వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగుతుంది. బ్రేకు వేయనప్పుడు కూడా ఒకే చోట ప్యాడుకి తగిలి తగిలి, కొన్ని వేల కిలోమీటర్లకి అక్కడ మందం తేడా వస్తుంది. ఆ తేడా 0.02 మి.మీ. దాటితే చాలు, స్టీరింగ్‌కి తెలిసిపోతుంది. ఇంత చిన్న తేడా బిళ్లల పద్ధతికి అందదు, చుట్టూ ఎనిమిది చోట్ల మైక్రోమీటర్ పెట్టాలి. అందుకే డిస్కు కొత్తదైనా పాతదైనా, బిగించే ముందు హబ్ ముఖాన్ని ఎమరీతో మెరిసేదాకా రుద్దడం సగం వైద్యం. ఈ ఊపుని కొలిచే డయల్ గేజ్ పెట్టి చూస్తే అది 0.05 మి.మీ. లోపు ఉండాలి. ఆ గేజ్ ఉన్న గ్యారేజీ దొరికితే వదలకండి.

మందం కనీసం కంటే బాగా ఎక్కువుండి వణుకు మాత్రమే ఉంటే లేత్‌లో స్కిమ్మింగ్, అంటే పైపొర సన్నగా కోయించడం, చేయించొచ్చు. ఒక్కో వైపు 0.2 తీసినా 0.4 పోతుంది, ఆ తర్వాత కూడా కనీసానికి ఓ అర మిల్లీమీటర్ పైన మిగలాలి. లేకపోతే కొత్త ప్యాడ్లు సగం అరిగేలోపే డిస్కు అయిపోతుంది. కారు మీదే తిప్పుతూ కోసే లేత్ ఉంటే ఇంకా మంచిది, హబ్‌తో కలిపి సరిచేస్తుంది.

ప్యాడ్ల ఎంపికకి వద్దాం. ప్యాడు అంచున కోడ్ చివర రెండక్షరాలు ఉంటాయి: ఎఫ్ఎఫ్ (FF), ఎఫ్ఈ (FE), జీఎఫ్ (GF), ఇలా. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. 'ఈ' (E) అంటే ఘర్షణ 0.25–0.35, ఎఫ్ అంటే 0.35–0.45, జీ అంటే 0.45–0.55. కుటుంబం కారుకి ఎఫ్ఎఫ్ సరిపోతుంది. రెండో అక్షరం మొదటిదాని కంటే తక్కువున్న ఎఫ్ఈ తీసుకోకండి. చల్లగా ఉన్నప్పుడు బాగా పట్టి, అవసరమైనప్పుడు జారుకునే రకం అది. అయితే ఈ అక్షరాలు ల్యాబులో చిన్న ముక్క మీద తేల్చినవి, కారు మొత్తానికి పూచీ కాదు. అంతకంటే గట్టి గుర్తు, వృత్తంలో ఇంగ్లీషు 'E' అక్షరం, పక్కన 90ఆర్ (90R) అని ఉండే యూరప్ ముద్ర. అది ఉన్న ప్యాడు పట్టు, ఒరిజినల్ ప్యాడుకి 15 శాతం లోపు తేడాలోనే ఉండాలి.

మసాలా రకాల్లో 'సిరామిక్ వేయించండి సార్' అన్నది ఇప్పటి ఫ్యాషన్. దుమ్ము తక్కువ, శబ్దం తక్కువ, అల్లాయ్ చక్రాలు నల్లబడవు, నిజమే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదటి పట్టు కాస్త మెత్తగా ఉంటుంది, ధరా ఎక్కువే. లోహం కలిసిన సెమీ మెటాలిక్ మసాలా వేడిని బాగా లాగేస్తుంది, కాకపోతే శబ్దం చేస్తుంది, డిస్కుని త్వరగా తింటుంది. ఊళ్లో తిరిగే కారుకి, అప్పుడప్పుడూ హైవే ఎక్కేదానికి, కంపెనీ నుంచి ఏ రకం వచ్చిందో ఆ రకమే. వెనక డ్రమ్ములున్న కారుకి ముందు మరీ కరుకు ప్యాడు వేస్తే ముందు వెనకల పొత్తు కూడా చెడుతుంది.

బ్రేకులకి అసలు పరీక్ష మాత్రం తిరుమల నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డు. అయిదుగురు మనుషులు, లడ్డూ సంచులు, సామాను అన్నీ కలిపి 1,450 కిలోల బండి, ఎత్తులో 750 మీటర్లు దిగుతుంది. ఆ శక్తంతా బ్రేకులే మింగాలంటే, 35 లీటర్ల నీళ్లని కాచి మరిగించేంత వేడి. సెకండ్ గేరులో ఉంటే ఇంజినే చాలా భాగం పట్టుకుంటుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ల కారులో భారం బ్రేకుల మీదే, అందులోనూ ఎక్కువ భాగం ఆ రెండు ముందు డిస్కుల మీద పడుతుంది. ఇంజిన్ ఆపేసేవాళ్లయితే మరీ అన్యాయం. రెండు మూడు సార్లు తొక్కేసరికి తొక్కుడుకి బలమిచ్చే బూస్టర్‌లో వ్యాక్యూమ్ అయిపోయి పెడల్ రాయైపోతుంది. సగం దారిలో మాడిన వాసన మొదలవుతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు కాగి పట్టు వదిలేశాయని. పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైందని. రెండోది ఇంకా భయంకరం, దానికి ప్యాడ్ల బ్రాండుతో సంబంధమే లేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ తాగుతుంది. డాట్ 4 (DOT 4) రకం ఆయిల్ కొత్తప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. డాట్ 3 అయితే 205, 140. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. మీ 60 వేలలో ఒక్కసారీ మార్చకపోయి ఉంటే ఖరీదైన ప్యాడ్లకి పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టండి. కారులో బ్రేక్ ఆయిల్ పోసే చోటి మూత మీద ఏది రాసుంటే అదే పోయండి. డాట్ 5 సిలికాన్ది, పొరపాటున కూడా కలపొద్దు. ఇంకొకటి, కొత్త ప్యాడ్లు వేయించిన మర్నాడే తిరుమల పెట్టుకోకండి. కొత్త ప్యాడులోని బంక మొదటిసారి బాగా కాగినప్పుడు ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరే ప్యాడుకీ డిస్కుకీ మధ్య పొరలా నిలుస్తుంది.

డిస్కు మార్చాల్సే వస్తే రంధ్రాలు, గీతలు లేని సాదాది, ముందు గాలి సందులున్నదుంటే గాలి సందులున్నదే, రెండు చక్రాలకీ ఒకేసారి. రంధ్రాల డిస్కు చూడ్డానికి బాగుంటుంది, పగుళ్లు మొదలయ్యేది ఆ రంధ్రాల అంచునే. కొత్త డిస్కుతో పాత ప్యాడ్లు పనికిరావు, పాత డిస్కు గాడి అచ్చు వాటి మీద ఉంటుంది. పాత డిస్కు మీద కొత్త ప్యాడ్లు మాత్రం, మందం ఉండి గోరు దిగేంత గాడి లేకపోతే, నిక్షేపంగా వేయొచ్చు.

ఇప్పుడు కంపెనీ పేరు. కారు కంపెనీ సొంత డబ్బాలోది, అంటే మారుతి జెన్యూన్ లేదా హ్యుందాయ్, కియాలకి మోబిస్ లాంటిది. లేకపోతే బ్రెంబో, బాష్, రాణే (Rane) వంటి పేరున్నవాళ్లది. ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు. ఆలోచించాల్సింది అసలా నకిలీయా అన్నదే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, ఛాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీసుకుని వెళ్లండి. ఒకే మోడల్లో ఏడాది మారితే క్యాలిపరే మారిపోవచ్చు, 'అన్నిటికీ ఇదే సార్' అన్న మాట నమ్మి ఆర్నెల్లు తగువు పడకండి. డబ్బా మీద కాదు, ప్యాడు వెనక రేకు మీద, అంచు మీద బ్యాచ్ నంబరూ కోడూ ఉండాలి. రంగు కారినట్టు, మసాలా అంచులు పొరలు లేచినట్టు ఉంటే వెనక్కి ఇచ్చేయండి. బిల్లు లేదన్న కొట్టు ముందే ఆగొద్దు.

బిగించేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సినవి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె బ్రేక్ క్లీనర్‌తో పోయేదాకా తుడవాలి, తెల్లగుడ్డకి మరక అంటకూడదు. కిరోసిన్, డీజిల్ వద్దు, జిడ్డు మిగులుతుంది. పిన్నులు ఊడదీసి తుడిచి సిలికాన్ గ్రీజు పూయాలి. బేరింగులకి రాసే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుసుకుంటుంది. మన గ్యారేజీల్లో సగం జబ్బులకి ఆ ఒక్క గ్రీజు డబ్బానే మూలం. క్యాలిపర్‌ని ఆయిల్ పైపు మీద వేలాడదీయకూడదు, తీగతో కట్టాలి. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు పైన ఆయిల్ పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ లేస్తుంది. దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదనివ్వకండి, పక్కన పిల్లలుంటే అసలే వద్దు. నట్లు చివరి బిగింపు, బిగింపు బలం చూపే టార్క్ పానాతో, మాన్యువల్‌లో ఉన్నంతే. చిన్న కార్లకి సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, మొదటి తొక్కుడు నేలదాకా పోతుంది. తర్వాత కొత్త ప్యాడు డిస్కుకి కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 60 స్పీడు నుంచి 15కి ఓ మోస్తరు బ్రేకుతో పదిసార్లు, మధ్యలో అర నిమిషం నడిపి చల్లారనిస్తూ. పూర్తిగా ఆపి పెడల్ నొక్కిపట్టుకోవద్దు, వేడి ప్యాడు అచ్చు డిస్కు మీద దిగుతుంది. మొదటి 300 కిలోమీటర్లు నెమ్మది. వాన వెలిశాక పొద్దున్నే ఒకటి రెండు బ్రేకులకి గరగరమంటే కంగారు పడకండి, అది పైపైన తుప్పు.

మీ డిస్కు మీద చెక్కిన అంకె, కొలిస్తే వచ్చిన మందం, లోపలి ప్యాడులో మిగిలిన మసాలా, ఈ మూడూ ఇక్కడే కింద రాయండి. ఆ ఎస్టిమేట్‌లో ఏ లైను కొట్టేయాలో చెబుతాను.