ఇంజిన్‌ని బోరుకి పంపే ముందు బ్రేకులు చూపించండి

ప్రశ్న: అన్నా, మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. టమాటా మండీకి, వారానికి రెండుసార్లు తిరుపతికి కిరాయిలు తోలుకుందామని మూడు వారాల కింద సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాను. 2018 మోడల్, డీజిల్, మీటర్ మీద 2,38,000 కిలోమీటర్లు ఉంది. నాలుగున్నర లక్షలు పెట్టాను, అందులో రెండు లక్షలు అప్పు. పొద్దున పూట ఐదారుసార్లు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ కాదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ వస్తుంది, లాగుడు లేదు. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఎడమకి లాగుతుంది. ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు వెనక నుంచి టక్కుమని శబ్దం. మెకానిక్‌కి చూపిస్తే ఇంజిన్ అయిపోయింది, బోరుకి పంపాలి, అంటే అరిగిన సిలిండర్లు తొలిపించాలి, లక్షా పాతిక వేలు అవుతుంది, బ్రేకుల సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. చేయించమంటారా?

– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: వద్దు. ఇప్పుడప్పుడే వద్దు. ముందు ఒక మాట, ఈ ఉత్తరం చదివాక నాకు భయం వేసింది ఇంజిన్ గురించి కాదు, బ్రేకుల గురించి. తిరుపతి వెళ్లాలంటే మీరు భాకరాపేట ఘాట్ దిగాలి. ఒకటిన్నర టన్ను టమాటా వెనక పెట్టుకుని, పెడల్ కిందికి పోయే బండితో ఆ మలుపులు దిగుతున్నారంటే మీ ఇంట్లోవాళ్ల మీద ఒట్టేసి అడుగుతున్నాను, బ్రేకులు బాగయ్యేదాకా ఘాట్ కిరాయి ఒక్కటి కూడా ఒప్పుకోకండి. మండీ కిరాయిలు కూడా ఆపేస్తేనే మంచిది. నాలుగు రోజుల కిరాయి పోతే పోయింది.

బ్రేకులతోనే మొదలుపెడదాం. బండి నిలబెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. పాదం కింద మెల్లగా జారిపోతూ ఉంటే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు సీళ్లు పోయి ఉండాలి, లేదా ఎక్కడో ఆయిల్ కారుతూ ఉండాలి. అలా జారకుండా స్పాంజిలా మెత్తగా మాత్రమే ఉంటే లైన్లో ఎయిర్ ఉంది. ఎడమకి లాగుతోందంటే చాలామంది ఎడమ చక్రం విప్పి చూస్తారు, కానీ చాలాసార్లు తప్పు కుడివైపు ఉంటుంది. కుడి చక్రం బ్రేకు సరిగా పట్టడం లేదు కాబట్టే పట్టే వైపుకి బండి తిరుగుతుంది. కుడివైపు క్యాలిపర్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకున్నాయేమో, రబ్బరు హోసు లోపల ఉబ్బి ఆయిల్‌ని ఆపుతోందేమో చూడమనండి. హోసు పైకి బాగానే కనిపిస్తుంది, అయినా ఇన్నేళ్ల హోసుని నమ్మకండి, అన్నీ మార్పించండి, పెద్ద ఖర్చు కాదు.

తర్వాత వెనక డ్రమ్ములు రెండూ మీ కళ్ల ముందే విప్పించండి. లోపల తడి ఉంటే వేలితో తాకి చూడండి. పల్చగా ఉంటే అది బ్రేక్ ఆయిల్, వీల్ సిలిండర్ కారుతోంది. చిక్కగా జిడ్డుగా, గంధకం వాసన కొడుతూ ఉంటే అది హౌసింగ్ (వెనక యాక్సిల్ మధ్యలో గేర్లు ఉండే పెట్టె) నుంచి వచ్చిన గేర్ ఆయిల్, హబ్ ఆయిల్ సీల్ పోయింది. ఏ ఆయిల్ అయినా సరే, నానిన లైనర్లను పెట్రోల్‌తో కడిగి మళ్లీ బిగిస్తామంటే ఒప్పుకోకండి. లైనర్ ఆయిల్‌ని పీల్చుకుంటుంది, వేడెక్కాక మళ్లీ వదులుతుంది. రెండువైపులా కొత్తవే వేయించండి.

ఇంకొకటి, దీన్ని మెకానిక్‌లు కూడా వదిలేస్తుంటారు. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కి, ఛాసిస్‌కి మధ్య సన్న రాడ్డుతో ఒక వాల్వ్ ఉంటుంది. లోడు ఎక్కువ ఉంటే వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి, ఖాళీగా ఉంటే తక్కువ ఒత్తిడి పంపడం దాని పని. పాత బండ్లలో అది తుప్పుపట్టి కదలదు, కొన్నిటిలో రాడ్డు ఊడిపోతే తీగతో కట్టేసి వదిలేస్తారు. వెనక అదనంగా కమాన్ పట్టీ (లీఫ్ స్ప్రింగ్) వేయించిన బండైతే ఎత్తు మారిపోయి దాని సెట్టింగే తప్పుతుంది. పడుకుని టార్చి వేసి చూడండి, రాడ్డు ఉందా, చేత్తో కదిలిస్తే కదులుతోందా అని.

చివరగా బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చి ఎయిర్ తీయించాలి. కొత్త డాట్ 4 ఆయిల్ మరగడానికి కనీసం 230 డిగ్రీల వేడి కావాలి, అదే ఆయిల్ ఏళ్ల తరబడి గాలిలోని తేమని పీల్చుకున్నాక 155 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. ఘాట్ దిగుతూ మాటిమాటికీ బ్రేకు తొక్కితే ఆ వేడి రావడం కష్టం కాదు. మరిగితే పైపుల్లో ఆవిరి, పెడల్ తొక్కితే ఖాళీ. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఆయిల్ ఇది. పాత ఓనర్ మార్చాడన్న బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

ఇక ఇంజిన్. నల్ల పొగ అంటే బోరు అరిగిందని కాదు, డీజిల్‌కి తగ్గ గాలి అందడం లేదని. ఆయిల్ కాలితే నీలం పొగ వస్తుంది. వేడెక్కాక కూడా ఆగకుండా తెల్ల పొగ వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. మీరు చెప్పింది నల్ల పొగ, అదీ లోడు మీద మాత్రమే, లాగుడు లేకపోవడంతో పాటు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, మట్టితో మూసుకుపోయి ఉంటే కొత్తది వేయండి. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి పోయే రబ్బరు హోసులు. నా సొంత బండి ఇలాగే పొగ కక్కుతుంటే రెండు వారాలు తిరిగాను, టర్బో మార్చాలన్నారు, పంపు చూడాలన్నారు. చివరికి హోసు కింది భాగంలో, క్లాంపు పక్కన, వేలెడు పొడవు చీలిక. బండి నిలబడి ఉన్నప్పుడు పెదవులు మూసుకున్నట్టు ఉండేది, లోడు మీద గాలి ఒత్తిడి వచ్చినప్పుడు మాత్రమే తెరుచుకునేది. చేత్తో తడిమితే ఆయిల్ జిడ్డు అంటింది, అలా దొరికింది. మీరు కూడా కళ్లతో చూడటం కాదు, వేళ్లతో హోసు చుట్టూ తడమండి.

పొద్దున స్టార్టింగ్ కష్టానికి కూడా ముందు చిన్న కారణాలు చూడాలి. రాత్రంతా ఆపిన బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, స్టార్ట్ అయ్యాక ఆల్టర్నేటర్ 13.8 నుంచి 14.4 దాకా ఇవ్వాలి. హీటర్ ప్లగ్గులు పనిచేస్తున్నాయో లేదో మీటరుతో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. డీజిల్ ఫిల్టర్ మీద చేత్తో నొక్కే పంపు ఉంటే, పొద్దున సెల్ఫ్ కొట్టే ముందు అది గట్టిపడేదాకా నొక్కి అప్పుడు స్టార్ట్ చేయండి. ఒక్కసారికే స్టార్ట్ అయిందా, అయితే రాత్రి డీజిల్ వెనక్కి జారి లైన్లోకి గాలి చేరుతోందన్నమాట, ఫిల్టర్ సీలు, పైపు జాయింట్లు చూడాలి. అయినా తేలకపోతే స్కానర్ పెట్టించి, ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకి ఒక్కోదానికి ఒక చిన్న సీసా తగిలించి ఇంజిన్ నడిపితే, మిగతావాటికంటే త్వరగా నిండే సీసా ఏ ఇంజెక్టర్‌దో అదే దొంగ. ఇది డీజిల్ పంపు పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపుల నట్లు మాత్రం ఎవరూ వదులు చేయకూడదు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది.

మరి బోరు అవసరమా కాదా ఎలా తెలుస్తుంది? ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి అలాగే దాని మీదే పెట్టండి. కొంచెం అదిరితే ఈ వయసు ఇంజిన్‌కి మామూలే. మూత ఎగిరిపోయి, లోపల నుంచి గుప్పుగుప్పుమని పొగ వస్తుంటే రింగులు, బోరు అరిగాయని అనుమానించాలి. దానితో పాటు వెయ్యి కిలోమీటర్లకి ఎంత ఆయిల్ తాగుతోందో డిప్‌స్టిక్ చూసి రాసుకోండి. ఆ తర్వాత కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించి ఏ సిలిండర్‌కి ఎంత వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. ఆ అంకెలు చేతిలో లేకుండా లక్షా పాతిక వేలకి తల ఊపకండి. అప్పు తెచ్చి కొన్న బండికి మళ్లీ అప్పు చేయించేటప్పుడు కారణం చూపించమని అడగడం మీ హక్కు, నిజాయితీ ఉన్న మెకానిక్ దానికి బాధపడడు.

వెనక శబ్దానికి: చక్రాలకి రెండువైపులా రాళ్లు పెట్టి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వదిలి, కిందికి దూరి, గేర్ బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌కి పోయే జాయింట్ షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పండి. షాఫ్ట్ చివర కీలులా ఉండే క్రాస్ దగ్గరే ఆట కనిపిస్తే క్రాస్ మార్చాలి, పెద్ద ఖర్చేమీ కాదు. క్రాస్ గట్టిగా ఉండి హౌసింగ్ దగ్గర ఆట ఎక్కువగా ఉంటే లోపలి గేర్లు, అంటే క్రౌన్, పినియన్ చూడాలి. అక్కడే ఉన్నారు కాబట్టి కమాన్ కట్టలు, సెంటర్ బోల్టు, యూ బోల్టులు కూడా చూడండి. పట్టీలు తగిలించే బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ వెనక ఛాసిస్ మీద సన్న పగుళ్లు, కొత్త వెల్డింగ్, అక్కడక్కడా తాజా నల్ల పెయింటు ఉంటే గోకి చూడండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరకండి.

మన వైపు ఇంకో అలవాటు ఉంది, బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేసి, బోరుబావి నీళ్లు పోసి తోలేస్తారు. రాయలసీమ బోర్లలో చాలావాటి నీళ్లలో ఉప్పు ఎక్కువ, అది లోపల పొరలా పేరుకుని రేడియేటర్‌ని మూసేస్తుంది. వాల్వ్ లేకపోతే ఇంజిన్ సరైన వేడికి చేరదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. చల్లారాక మూత తీసి చూడండి, నీళ్లు తుప్పు రంగులో ఉంటే రేడియేటర్ కడిగించి, వాల్వ్ కొత్తది వేయించి, కూలెంట్ పోయించండి.

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, గేర్ బాక్స్, హౌసింగ్ ఆయిళ్లు మొత్తం మార్చి ఆ రోజు కిలోమీటర్లు ఒక పుస్తకంలో రాయండి. మీ ఇంజిన్‌కి టైమింగ్ బెల్ట్ ఉంటుందో చైన్ ఉంటుందో మాన్యువల్‌లో చూసి, బెల్ట్ అయ్యుండి మార్చిన బిల్లు లేకపోతే అది కూడా ఇప్పుడే. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే టైరు పని అయిపోయినట్టే, ఘాట్ తిరిగే బండికి అంతదాకా కూడా ఆగొద్దు.

ప్రశ్న: అన్నయ్య గారూ, మా ఆయన రెండు నెలల కింద పాత పికప్ కొన్నారు. డబ్బంతా ఇచ్చేశాం కానీ ఆర్సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది. తర్వాత చేయించుకోవచ్చులే అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే అమ్మా. చట్టం ప్రకారం కొన్నవాళ్లు 30 రోజుల్లోపు పేరు మార్పుకి దరఖాస్తు చేయాలి, మీకు ఆ గడువు దాటిపోయింది, ఆలస్య రుసుము కట్టాల్సి వచ్చినా ఈ వారమే పెట్టించండి. ఫారం 29, 30 మీద పాత ఓనర్ సంతకాలు కావాలి. ఫైనాన్స్ బండి అయ్యుంటే అప్పు తీరినట్టు ఫైనాన్స్ కంపెనీ ఎన్వోసీ, ఫారం 35 కూడా అడిగి తీసుకోండి, ఇవి లేకుండా డబ్బంతా ఇచ్చేయడం మాత్రం తొందరపాటే. ఇన్సూరెన్స్ పాలసీ పేరు మార్చడానికి గడువు 14 రోజులే. అది మార్చకుండా బండి దెబ్బతింటే మీ బండికి అయిన నష్టం కంపెనీ ఇవ్వనంటే మీ దగ్గర జవాబు ఉండదు.

పాత ఓనర్ సంతకానికి తిప్పుతుంటే ఆయనకి ఒక విషయం మర్యాదగా చెప్పండి. బండి అమ్మేసినా రిజిస్టర్‌లో ఎవరి పేరు ఉంటే ప్రమాదం కేసులో ఓనర్‌గా బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లోనే తీర్పు ఇచ్చింది. ఆయన మేలు కోసమైనా ఆయనే పరిగెత్తుకొస్తారు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ కూడా చూసుకోండి, సరుకు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా చేయించాలి. పాత చలాన్లు ఏమైనా ఉన్నాయేమో బండి నంబరుతో చూసి, ఉంటే అమ్మినాయన చేతే కట్టించండి.

ప్రశ్న: 2016 బండి, మీటర్ 92,000 చూపిస్తోంది. తిప్పేశారేమో అని అనుమానం. ఎలా పట్టుకోవాలి?

– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: కిరాయి బండి అన్నేళ్లలో అంతే తిరిగిందంటే అనుమానించాల్సిందే. బండి నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి పాత జాబ్ కార్డులు అడగండి, ఒక్కోసారి ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లో అందులో ఉంటుంది. బానెట్ కింద, డోర్ అంచున ఆయిల్ మార్చినప్పుడు అతికించిన స్టిక్కర్లు వెతకండి, మీటర్ తిప్పినవాళ్లు వాటిని మర్చిపోతుంటారు. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, డ్రైవర్ సీటు ఒకవైపు కుంగి, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టే చోట మెరుస్తుంటే అది 92,000 తిరిగిన బండి కాదు. ఇంకా కొనలేదంటే ఆ ధరకి వద్దని చెప్పి లేచి వచ్చేయండి. కొనేసి ఉంటే మీటర్‌ని మర్చిపోయి, పైన మదనపల్లె ఆయనకి చెప్పిన పరీక్షలన్నీ అదే వరుసలో చేయించండి, బ్రేకులతో మొదలుపెట్టి.