పాత కోడ్‌ని గిట్‌కి మారుస్తున్నారా? ముందు పాస్‌వర్డ్‌లు మార్చండి

ప్రశ్న: కాకినాడలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. పదేళ్ల నాటి జావా ప్రాజెక్టు కోడ్, అందులో చేసిన మార్పుల హిస్టరీతో సహా, ఎస్‌వీఎన్ అనే వెర్షన్ కంట్రోల్ సిస్టమ్‌లో ఉంది. బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) యాంట్ అనే టూల్‌తో చేస్తున్నాం. ఎస్‌వీఎన్ బదులు గిట్‌కీ, యాంట్ బదులు గ్రేడిల్‌కీ ఒకేసారి మారిపోదామనుకుంటున్నాం. పాత హిస్టరీ అంతా తెచ్చుకోవాలా, ఇప్పుడున్న కోడ్ కాపీ చేసుకుంటే సరిపోతుందా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచూ వస్తున్నాయి. ఏ టూల్ వాడాలి, ఎన్ని రోజులు పడుతుంది అని అడుగుతారు తప్ప, ఆ హిస్టరీలో ఏముందో చూసుకున్నామని ఒక్కరూ రాయరు.

హిస్టరీ తెచ్చుకోండి. ఫలానా లైన్ ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో రేపు చెప్పగలిగేది అదొక్కటే. కంపైలర్లకు సంబంధించిన ఎల్‌ఎల్‌వీఎం అంత పెద్ద ప్రాజెక్టు కూడా 2019లో ఎస్‌వీఎన్ వదిలి గిట్‌కి వచ్చినప్పుడు పాత కమిట్‌లను (నమోదైన ఒక్కో మార్పును) వెంట తెచ్చుకుంది. హిస్టరీని గిట్‌లోకి తెచ్చే గిట్-ఎస్‌వీఎన్ టూల్ నడిపేటప్పుడు 'నో-మెటాడేటా' ఆప్షన్ పెట్టమని చాలామంది చెబుతారు. నేను వద్దంటాను. అది పెడితే కమిట్ మెసేజ్‌ల నుంచి, ఎస్‌వీఎన్ ఒక్కో మార్పుకీ ఇచ్చిన పాత రివిజన్ నంబర్లు పోతాయి. బగ్ లిస్టులో '4312వ రివిజన్‌లో సరిచేశాం' అని ఉంటే, అది ఏ కమిటో ఎలా పట్టుకుంటారు?

అసలు భయం వేరే ఉంది. ఎస్‌వీఎన్‌లో చెకౌట్ చేస్తే (కోడ్ దింపుకుంటే) మీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చేది ఆ ఒక్క రివిజన్. మిగతాదంతా ఆఫీసు సర్వర్‌లోనే ఉంటుంది. గిట్‌లో అదే పనికి మామూలుగా క్లోన్ చేస్తే పదేళ్ల చరిత్ర మొత్తం దిగిపోతుంది. ఎప్పుడో ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ప్రాపర్టీస్ ఫైల్ చెకిన్ చేసి, మర్నాడు 'పాస్‌వర్డ్ తీసేశాను' అని ఇంకో కమిట్ చేసి ఉంటారు. ఆ తీసేసిన పాస్‌వర్డ్ నిన్న చేరిన ఇంటర్న్ ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుందన్నమాట.

ఊహించి చెప్పడం లేదు. తెలిసినవాళ్ల టీమ్ ఇలాగే మారుతుంటే సాయానికి వెళ్లాను. హిస్టరీలో 'పాస్‌వర్డ్' అని వెతికితే ఆరేళ్ల కిందటి మెయిల్ సర్వర్ పాస్‌వర్డ్ దొరికింది. ఎప్పుడో మార్చేశామన్నారు. వాళ్ల చేతే టైప్ చేయించాను. లాగిన్ అయింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

'మాది ప్రైవేట్ రెపోనే (బయటివాళ్లు చూడలేని కోడ్ నిల్వ) కదా' అనకండి. 2016లో ఊబర్ నుంచి 5.7 కోట్ల మంది వివరాలు పోయింది ప్రైవేట్ రెపోలో దొరికిన క్లౌడ్ కీ వల్లే. కాబట్టి ముందు గిట్‌లీక్స్ లాంటి టూల్‌తో హిస్టరీ మొత్తం స్కాన్ చేయండి. దొరికిన ప్రతి పాస్‌వర్డూ, ప్రతి కీ మార్చేయండి. ఆ తర్వాతే ఫిల్టర్-రెపో టూల్‌తో హిస్టరీలోంచి తుడవండి. తుడిస్తే కమిట్ హ్యాష్‌లు (ఒక్కో కమిట్ గుర్తింపు సంఖ్యలు) మారిపోతాయి గనుక, ఎవరూ క్లోన్ చేయకముందే ఈ పని అయిపోవాలి. తుడిచాం కదా అని పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేయడం మాత్రం క్షమించరాని నిర్లక్ష్యం.

రెపో హోస్టింగ్ సైట్లలో ఉండే ఒక్క క్లిక్ ఇంపోర్ట్ బటన్ల మీదా నాకు కోపమే. కోడ్ వచ్చేసిందని పచ్చ టిక్ చూపిస్తారు. అందులో తాళంచెవులు కూడా ఉన్నాయని ఆ క్షణంలోనే ఎర్ర అక్షరాల్లో చెప్పాలి. సెట్టింగ్స్‌లో ఎక్కడో ఆప్షన్ ఇచ్చాం, వెతుక్కోండి అంటే కుదరదు.

ఇక గ్రేడిల్. ఒకేసారి రెండూ మార్చకండి, ఏది తేడా కొట్టిందో తెలియదు. ముందు గిట్‌లోకి వచ్చి, అదే యాంట్ స్క్రిప్ట్‌తో బిల్డ్ చేయండి. మొదటిసారి ఆగిపోతే ఖాళీ ఫోల్డర్లు చూడండి. ఎస్‌వీఎన్ వాటిని భద్రపరుస్తుంది, గిట్ భద్రపరచదు. తర్వాత గ్రేడిల్‌కి మారేటప్పుడు చూడాల్సింది లిబ్ ఫోల్డర్‌లోని జార్‌లు (జావా లైబ్రరీ ఫైళ్లు). పేరులో వెర్షన్ లేని జార్‌కి ఎస్‌హెచ్ఏ-1 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, జావా లైబ్రరీలు దొరికే మావెన్ సెంట్రల్‌లో వెతికితే చాలావాటి జాతకం దొరుకుతుంది. దొరకనిదాన్ని పేరు కలిసిందని బయటి నుంచి దింపుకోకండి. లోపలి ప్యాకేజీల పేర్లతోనే బయట నకిలీలు పెట్టి పెద్ద పెద్ద సంస్థల్లోకి చొరబడొచ్చని 2021లో ఒక పరిశోధకుడు చేసి చూపించాడు.

ఇంత గొడవకి మూలం మన ఆఫీసుల్లోని ఒక పాత అలవాటు. బిల్డ్ ఒక్కరి సిస్టమ్‌లోనే అవుతుంది. ఆయన సంక్రాంతికి ఊరెళితే రిలీజ్ ఆగిపోతుంది. అదేదో ఆయన గొప్పతనం అన్నట్టు అందరూ చెప్పుకుంటారు. కొత్తగా చేరినవాళ్లకి ఖాళీ ల్యాప్‌టాప్ ఇచ్చి, ఎవరినీ అడగకుండా క్లోన్ చేసి బిల్డ్ తీయమనండి. అది జరిగిన రోజే మీరు మారినట్టు.

పాత ఎస్‌వీఎన్ సర్వర్‌ని రీడ్-ఓన్లీ చేసి ఒక ఏడాది ఉంచండి. దాని బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఎవరి సొరుగులో ఉందో కూడా కనుక్కోండి. ఆ పాస్‌వర్డ్‌లన్నీ అందులోనూ ఉన్నాయి.