ఇంత చిన్నదా?

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం, దానికి జత చేసిన ఉత్తరం అందాయి. పదకొండు పేజీలు. నిజం చెప్పాలంటే ఏడో పేజీ దాకా చదివి పక్కన పెట్టేశాను. 'కాలగర్భం' అనే మాట అప్పటికే నాలుగుసార్లు వచ్చింది, నాకు ఓపిక చాలలేదు. భోజనం అయ్యాక ఏదో మొహమాటం కొద్దీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. తొమ్మిదో పేజీ అడుగున ఒక వాక్యం కనిపించింది. విశాఖ మ్యూజియంలో, 1942లో ఊరి మీద పడిన జపాను బాంబును చూసి మీ తాతమ్మ "ఇంత చిన్నదా?" అన్నదట. అంతే. అక్కడ చుక్క పెట్టి, తరువాతి పేరాలో నువ్వు మళ్లీ కాలగర్భంలోకి దిగిపోయావు.

నాకు మాత్రం ఆ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు.

ముందు తప్పులు చెప్పనివ్వు, లేకపోతే మరిచిపోతాను. మ్యూజియం 'డచ్చివారి కోట'లో ఉందని రాశావు. కోట కాదమ్మా, బంగళా. అందులో మ్యూజియం తెరిచింది 1991లో. ఇక బీచి రోడ్డు మీదే ఉన్న కురుసుర జలాంతర్గామిని చూసి వచ్చి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచింది అదేనని రాశావు. ఎవరు చెప్పారు? 1971 డిసెంబరులో ఘాజీ విశాఖ దగ్గర మునిగింది, నిజమే. ఎలా మునిగిందన్న దాని మీద మన నౌకాదళానిది ఒక మాట, పాకిస్తాన్‌ది ఇంకో మాట. ఆ రోజుల్లో కురుసుర ఉన్నది అటు, అరేబియా సముద్రంలో. 91 మీటర్ల పొడవున్న ఓడ ఇసుక మీద నీ కళ్ల ముందే నిలబడి ఉంటే, దాని గురించి నిజం చెప్పడానికి లేని గొప్పలు అంటగట్టనక్కరలేదు. ఓడ నమూనాల గది గురించి రాస్తూ 'ఓడ వెనక ఉండే తిప్పే చెక్క' అన్నావు. దాన్ని చుక్కాని అంటారు. తెరచాపను 'గుడ్డ' అన్నావు. రేవు పట్టణంలో పుట్టి పెరిగినదానివి! తెప్పకూ పడవకూ తేడా తెలియకపోతే సముద్రం ఒడ్డుకు వెళ్లి ఎవరినైనా అడుగు. చెప్పడానికి అక్కడ మనుషులు ఉన్నారు.

భాష శుభ్రంగా ఉంది. అది చెప్పాను కదా, ఇక అసలు విషయానికి వస్తాను.

ఆ బాంబు బరువు 250 పౌండ్లు. కిలోలలో 113. ఈ అంకె నీ వ్యాసంలో ఎక్కడా లేదు. 'భయంకరమైన', 'వినాశకరమైన', 'మానవాళికి మచ్చ' అన్నీ ఉన్నాయి, బరువు మాత్రం లేదు. నా పట్టుదల ఒక్కటే, దీని మీద చాలామందితో తగాదా పడ్డాను. మ్యూజియం గురించి రాసేవాడు ముందు వస్తువును తూచాలి, కొలవాలి, దాని పేరు తెలుసుకోవాలి. భావం సంగతి తరువాత. తూచిన వస్తువు నుంచి భావం తనంతట తానే వస్తుంది. తూచకుండా పుట్టించిన భావం వస్తువు పక్కన పెట్టిన అట్ట మీది రాతకు నకలు.

113 కిలోలంటే ఏమిటో నాకు తెలుసు. చదువు అయ్యాక మూడేళ్లు రేవులో ఒక ఏజెంటు దగ్గర టాలీ గుమాస్తాగా చేశాను. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టి గీతలు గీయడం పని. నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత, అయిదు. ఒక్కో బస్తా నూరు కిలోలు. కళాసీ నడుం వంచి నిలబడితే ఇద్దరు ఎత్తి వీపు మీద వేసేవారు. అతను కొక్కెంతో వెనక్కి పట్టుకుని పలక మీద నడిచేవాడు. పలక వంగేది. ఊపిరి బిగబట్టి పద్దెనిమిది అడుగులు వేసి, దించాక ఒక్కసారి 'హుఁ' అనేవాడు. ఆ బాంబు అలాంటి ఒక బస్తా, దాని మీద మరో పదమూడు కిలోలు. ఊరిని ఖాళీ చేయించిన వస్తువును ఒక మనిషి వీపు మీద మోసుకుపోగలడు. మీ తాతమ్మ అన్నది అదే మాట. నీకు వినిపించలేదు.

ఆ రోజుల్లోనే నా మొదటి కథ రాశాను. ఎన్ని బస్తాలు, ఎంత బరువు, ఎన్ని గంటలు, అన్నీ పెట్టి రాశాను. ఒక వారపత్రికకు పంపితే సంపాదకుడు అంకెలన్నీ ఎర్రసిరాతో కొట్టేసి, అంచున 'సముద్రం ఎక్కడ?' అని రాసి తిప్పి పంపాడు. ఆయన పేరు చెప్పను. పోయినవారి మీద నాకెందుకు కోపం? (కోపం ఉంది.) నేనూ కుర్రవాణ్నే కదా, ఒక పున్నమి, ఒక అలల హోరు, దూరంగా దీపస్తంభం, మూడూ చేర్చి పంపాను. వెంటనే అచ్చయింది. గర్వంగా రేవుకు తీసుకువెళ్లి మధ్యాహ్నం అన్నాల వేళ కళాసీలకు చదివి వినిపించాను. అందరూ మర్యాదగా విన్నారు. చివరికి వాళ్లలో పెద్దవాడు చెయ్యి కడుక్కుంటూ, "బాగుంది బాబూ. చంద్రుణ్ని పెట్టారు, కూలి ఎంత ఇచ్చారో పెట్టలేదు" అన్నాడు. ఆ కథను నా ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

ఇప్పటి సంపాదకులు అంకెలు కొట్టేయరు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇప్పుడు వాళ్లకు కావలసింది 'జ్ఞాపకాల తడి'. ఏ వ్యాసం తీసినా అలలతో మొదలై కళ్లు చెమర్చడంతో ముగుస్తుంది. మధ్యలో అమ్మమ్మ ఇంటి అరుగు. నువ్వు అవన్నీ శ్రద్ధగా చదివినట్టున్నావు, అందుకే చివర నీ కళ్లు కూడా చెమర్చాయి. తాతమ్మ కళ్లు చెమర్చాయా? రాయలేదు. చెమర్చలేదని నా అనుమానం. ఆమె కొంచెం మోసపోయినట్టు చూసి ఉంటుంది.

1942 ఏప్రిల్ 6, సోమవారం. అంతకు ముందురోజే కొలంబో మీద జపాను దాడి జరిగింది. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. కాకినాడ మీద కూడా వేశాయి. ఆ తరువాత జనం బండ్ల మీద, రైళ్లలో, కాలినడకన ఊరు వదిలి పల్లెలకు పోయారు. మీ తాతమ్మకు అప్పుడు నాలుగేళ్లు అన్నావు. నాలుగేళ్ల పిల్లను ఎవరో చంకన వేసుకుని పరుగెత్తి ఉంటారు. ఆ పిల్ల బాంబును చూడలేదు, పెద్దవాళ్ల ముఖాలు చూసింది. ఆ ముఖాలకు సరిపోయేంత బాంబును ఎనభై ఏళ్లకు పైగా మనసులో మోసింది. ఇల్లంత ఉందో, కొండంత ఉందో. తీరా చూస్తే ఒక బస్తా.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను, ఇది మ్యూజియంలో బాంబు పక్కన ఎవరూ రాసిపెట్టరు. 1933లో రేవు తెరిచినప్పుడు దాని ముఖ్యమైన పని సెంట్రల్ ప్రావిన్సుల (ఇప్పటి మధ్యప్రదేశ్, ఆ చుట్టుపక్కల) మాంగనీసు ఖనిజాన్ని బయటి దేశాలకు పంపడం. అలల తాకిడి ఆపడానికి ముఖద్వారం దగ్గర రెండు పాత ఓడలను రాళ్లతో నింపి కావాలనే ముంచారు. (రెండు ఓడలను చంపి ఓడరేవు కట్టారన్నమాట. దీని మీద కథ రాయాలని ముప్ఫై ఏళ్లుగా అనుకుంటున్నాను, నువ్వు రాస్తే తీసుకో.) 1960లలో విశాఖ దగ్గరి కొత్తవలస నుంచి ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండోల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. ఎందుకు? బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు తెచ్చి జపానుకు పంపడానికి. 1976లో పెద్ద ఓడల కోసం బయటి రేవు కూడా సిద్ధమైంది. మా షెడ్డు దగ్గర ఒక ముసలి కాపలాదారు ఉండేవాడు, బాంబులు పడిన రోజు రేవులో ఉన్నవాడే. ఖనిజం ఓడ కదిలినప్పుడల్లా బీడీ ఆర్పి, "వాళ్లు వేసిన ఇనుము వాళ్లకే తిరిగి ఇస్తున్నాం బాబూ, వడ్డీతో" అనేవాడు. నవ్వేవాడు కాదు, లెక్క చెబుతున్నట్టే చెప్పేవాడు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, వచన కవిత రాస్తే మేలా అని అడిగావు. ఇంకా ఏవో అడిగావు, ఆ కాగితం ఎక్కడో పెట్టాను.

వ్యాసం తిప్పి పంపుతున్నాను. తొమ్మిదో పేజీలో ఆ ఒక్క వాక్యం కింద గీత గీశాను, మిగతా పది పేజీలు నీ ఇష్టం. మళ్లీ మ్యూజియానికి వెళ్లు, ఈసారి ఒంటరిగా. మిగతా గదుల జోలికి పోకు. బాంబు ముందు అరగంట నిలబడు. పొడవు ఎన్ని జానలో, తుప్పు ఎక్కడ మొదలైందో, పిల్లలు దాని దగ్గర ఎంతసేపు ఆగుతున్నారో రాసుకో. ఇంటికి వచ్చి తాతమ్మ పక్కన కూర్చో. 'అప్పుడు మీకేమనిపించింది' అని మాత్రం అడగకు, విలేకరులు అడిగే ప్రశ్న అది. ఇన్నేళ్లూ ఆమె అనుకున్న బాంబు ఎంత ఉండేదో చేతులు చాపి చూపించమను. చాపాక టేపు తీసుకుని, ఈ చేతి వేలి కొస నుంచి ఆ చేతి వేలి కొస దాకా కొలువు. చేతులు చాలవని ఆమె గుమ్మం వైపో గోడ వైపో చూపిస్తే, అక్కడి దాకా కొలువు.

ఆ కొలత నాకు రాసి పంపు. కార్డు ముక్క చాలు.